గోడ బీటలు వారిందా? పూత పూసే ముందు పరీక్షించండి

సంక్రాంతికి ముందు గోడ మీది బీటలో సిమెంటు కూరి, పైన రంగు వేయించడం చాలా ఇళ్లలో ఆనవాయితీ. ఎండలు ముదిరేసరికి అదే చోట బీట తిరిగి తేలుతుంది. మళ్లీ సంక్రాంతి, మళ్లీ పూత. జీవితకాలపు పొదుపుతో కట్టుకున్న ఇల్లు చేస్తున్న హెచ్చరిక ఈ విధంగా ఏటేటా రంగు చాటున మరుగున పడుతోంది. బీటలన్నీ ప్రమాదకరం కావు. అలాగని అన్నీ ఉపేక్షించదగినవీ కావు. బీట ఆగిపోయిందా, ఇంకా కదులుతోందా అన్నది తేల్చుకోవడమే ముఖ్యం.

నల్లరేగడితోనే చిక్కు

నంద్యాల, కోవెలకుంట్ల, ఆళ్లగడ్డ వంటి నల్లరేగడి ప్రాంతాల్లో ఈ సమస్య అధికం. ఈ మట్టి వానాకాలంలో నీటిని పీల్చి ఉబ్బుతుంది. వేసవిలో తేమ కోల్పోయి కుంచించుకుపోతుంది. పొలాల్లో నేల నెర్రెలు బారడానికి కారణమైన ఈ గుణమే ఇళ్ల పునాదులనూ కదిలిస్తుంది. ఇంటి నడిమి భాగం కింద తేమ దాదాపు నిలకడగా ఉంటుంది. అంచుల కింది మట్టి మాత్రం రుతువులను బట్టి పైకీ కిందికీ కదులుతుంది. ఆ తేడాను తట్టుకోలేక గోడ పగులుతుంది. లోతు తక్కువ పునాదిపై కట్టిన ఒక అంతస్తు ఇళ్లకు నేల ఉబ్బును అణచగలిగేంత బరువు ఉండదు. అందుకే వాటికే ముప్పు ఎక్కువ.

ఆకృతిని బట్టి కారణం

* సిమెంటు పూతపై సాలెగూడులా అల్లుకున్న సన్నని చీలికలు సాధారణంగా క్యూరింగ్ చాలనందువల్ల వస్తాయి. ఇవి పూతకే పరిమితం.

* పిల్లరుకూ ఇటుక గోడకూ మధ్య నిలువుగా, శ్లాబు కింద అడ్డంగా వచ్చే సన్నని గీతలకు ఎండవేడికి కాంక్రీటు, ఇటుక వేర్వేరుగా వ్యాకోచించడం ప్రధాన కారణం. వీటివల్ల ఇల్లు కూలే ప్రమాదం అరుదే. అయినా వాన నీరు లోపలికి దిగకుండా పూడ్పించుకోవాలి.

* కిటికీ, తలుపు మూలల నుంచి ఏటవాలుగా, ఇటుక వరుసల వెంట మెట్లు మెట్లుగా సాగే బీట పునాది అసమానంగా కదులుతోందనడానికి సూచన.

* పిల్లర్లు, బీముల్లో ఇనుప చువ్వల వెంబడి తుప్పు మరకలతో వచ్చే చీలికలను ఉపేక్షించరాదు. తుప్పు పట్టిన చువ్వ ఉబ్బి కాంక్రీటును పెచ్చులుగా ఊడగొడుతుంది.

భారతీయ ప్రమాణాల సంస్థ 1984లో వెలువరించిన కరదీపిక ప్రకారం ఒక మిల్లీమీటరు లోపు బీటలు సన్నవి, 1 నుంచి 2 మిల్లీమీటర్లవి మధ్యస్థం, 2 మిల్లీమీటర్లు దాటినవి వెడల్పైనవి. అయితే వెడల్పు ఒక్కదానితోనే నిర్ణయానికి రాకూడదు. కదలని 3 మిల్లీమీటర్ల పాత బీట కన్నా నెలనెలా పెరిగే ఒక మిల్లీమీటరు బీట ఎక్కువ ఆందోళనకరం.

ఇంట్లోనే చేసుకోదగ్గ పరీక్ష

బీట రెండు కొనల వద్ద పెన్సిలుతో గీత గీసి, పక్కనే తేదీ రాయాలి. ఒకచోట గుర్తు పెట్టి, నెలకొకసారి అక్కడే స్కేలుతో వెడల్పు కొలిచి పుస్తకంలో నమోదు చేయాలి. పూత కొంత తొలగించి, బీట ఇటుక వరకు దిగిందేమో చూడాలి. దానికి అడ్డంగా పలుచని గాజు పట్టీని రెండు కొనల వద్ద సిమెంటుతో అతికిస్తే, గోడ కదిలినప్పుడు గాజు పగిలి తెలుపుతుంది. ఒక వానాకాలం, ఒక వేసవి గడిచేవరకు గమనించాలి. వేసవిలో తెరుచుకుని వానల్లో మూసుకుంటే నేల తేమే కారణమని భావించవచ్చు. మూసుకోకుండా పెరుగుతూనే ఉంటే పునాది కుంగుతోందని అనుమానించాలి.

ఎప్పుడు ఆగకూడదు?

పిల్లరు లేదా బీము చీలినా, గోడ ఒక పక్కకు ఒరిగినా, ఉబ్బినా, బీట రోజుల వ్యవధిలోనే పెరుగుతున్నా పరీక్షలతో కాలయాపన చేయరాదు. వెంటనే ఆ భాగాన్ని ఖాళీ చేసి స్ట్రక్చరల్ ఇంజినీరును పిలిపించాలి. తలుపులు అకస్మాత్తుగా బిగుసుకుపోవడం, గచ్చు ఒకవైపు కుంగడం కూడా సలహా తీసుకోవలసిన లక్షణాలే. పూత పనిలో మేస్త్రీ అనుభవం చాలు గానీ, పునాది బలాన్ని తేల్చడం ఇంజినీరు పని. మున్సిపాలిటీ పట్టణ ప్రణాళికా విభాగంలో విచారిస్తే అర్హులైన ఇంజినీర్ల వివరాలు తెలుస్తాయి. నివేదికను రాతపూర్వకంగా తీసుకున్నాకే మరమ్మతు మొదలుపెట్టాలి.

నీటిని దూరం పెట్టాలి

స్నానాల గది నీరు, చూరు నీరు పునాది పక్కన ఇంకకుండా చూడాలి. ఇంటి చుట్టూ బయటికి వాలుగా కాంక్రీటు చప్టా వేయించుకుంటే మట్టిలో తేమ హెచ్చుతగ్గులు తగ్గుతాయి. గోడకు ఆనుకుని పెద్ద చెట్లు పెంచరాదు. కొత్తగా కట్టేవారు ముందుగా మట్టి పరీక్ష చేయించాలి. నల్లరేగడి లోతుగా ఉన్నచోట అడుగున బల్బులా వెడల్పు చేసి పోసే అండర్ రీమ్డ్ పైల్ పునాదులు అనువైనవి. ఇవి తేమ మారే పైపొరను దాటి, నిలకడైన నేలలో పట్టు సాధిస్తాయి.

ఈసారి రంగులు వేయించే ముందు పాత బీట కొలతలు, తేదీలు, ఛాయాచిత్రాలు భద్రపరచుకోవాలి. రేపు ఇంజినీరు వచ్చినప్పుడు మొదట అడిగేవి అవే.