సముద్రగర్భమున అగ్నిపర్వత భస్మము: హిమయుగముల కాలనిర్ణయము

ప్రాచీన శాసనములను పరిశీలించువారికి తరచుగా ఒక చిక్కు ఎదురగును. ఒక శాసనము రాజు పట్టాభిషిక్తుడైన నాటినుండి ఏండ్లు లెక్కించును. వేరొకటి శకవర్షము చెప్పును. మరియొకటి సంవత్సర నామము మాత్రము చెప్పి ఊరకుండును. అట్టి రెండు శాసనములందును ఒకే సూర్యగ్రహణము పేర్కొనబడియున్నచో ఆ చిక్కు విడిపోవును. గ్రహణము ఏ రాజుకును చెందినది కాదు. అది పట్టినది ఒక్కనాడే. ఆ నాటిని ఆధారముగా గొని రెండు లెక్కలను సరిచూడవచ్చును. భూమి పూర్వచరిత్రను, అందు ముఖ్యముగా హిమయుగముల చరిత్రను పరిశోధించు శాస్త్రజ్ఞులకు ఇట్టి గ్రహణము వంటి గురుతు, సముద్రపు అడుగున పేరుకొన్న అగ్నిపర్వత భస్మము.

గడచిన ఎనిమిది లక్షల ఏండ్లలో ఇంచుమించు లక్ష ఏండ్లకొక పర్యాయము భూమి చల్లబడి, ఉత్తర అమెరికా, ఉత్తర ఐరోపా ఖండములపై మంచు పర్వతాకారముగా పేరుకొని, మరల కరగుచు వచ్చినది. కడపటి హిమయుగము పరాకాష్ఠ నందుకొని సుమారు 21,000 ఏండ్లయినది. సముద్రజలము అంతగా మంచుగా మారి నేలపై నిలిచిపోవుటచేత నాటి సముద్రమట్టము నేటికంటె సుమారు 120 మీటర్లు దిగువన ఉండెను. నేలపై ఈ చరిత్రను చదువుట కష్టము. ఒక్కొక్క హిమయుగపు మంచు ముందునకు జరుగుచు, వెనుకటి హిమయుగము విడిచిన గురుతులను తుడిచివేయును. లోతైన సముద్రములో అట్టి బాధ లేదు. అచట వేయి ఏండ్లకు కొన్ని సెంటీమీటర్ల చొప్పున మట్టి నెమ్మదిగా పేరుకొనుచుండును. అడుగు పొర పాతది, పై పొర క్రొత్తది.

ఆ మట్టిలో ఫొరామినిఫెరా అను సూక్ష్మజీవుల సున్నపు గుల్లలు కోట్ల కొలది కలవు. ఆమ్లజని పరమాణువులలో తేలికవి, బరువైనవి యని భేదమున్నది. తేలికైన ఆమ్లజని గల నీరు సులభముగా ఆవిరియై, హిమయుగమున మంచుగా కురిసి నేలపై చిక్కుకొనిపోవును. సముద్రమున బరువైన ఆమ్లజని పాలు హెచ్చును. నాటి గుల్లలలోను అదే హెచ్చును. 1955లో సిసేర్ ఎమిలియాని అను శాస్త్రజ్ఞుడు ఈ గుల్లల ఆధారముతో హిమయుగముల వరుసను చూపెను. ఆయన ఈ మార్పును ప్రధానముగా సముద్రపు వేడిమికి సంబంధించినదిగా తలచెను. అది హెచ్చుపాలు నేలపై నిలిచిన మంచు పరిమాణమును తెలుపునని 1967లో కేంబ్రిడ్జికి చెందిన నికొలస్ షాకిల్టన్ నిరూపించెను.

అయినను ఒక లోపము మిగిలెను. మట్టిపొరలపై తేదీలు వ్రాసి యుండవు. ఒకచోట మట్టి త్వరగా పేరుకొనును, మరియొకచోట ఆలస్యముగా పేరుకొనును. రేడియో కర్బనపు పరీక్ష సుమారు 50,000 ఏండ్లకు మించి వెనుకకు పోజాలదు. ఐర్లాండు ప్రక్కనున్న సముద్రము చల్లబడిన నాడే గ్రీన్లాండు పైనున్న గాలియు చల్లబడెనా, లేక ఒకటి ముందును రెండవది వెనుకను జరిగెనా? ఈ ప్రశ్నకు ఉత్తరము దొరకనిదే హిమయుగములకు కారణమేదో, ఫలితమేదో తేలదు. సముద్రపు మట్టికి ఒక లెక్క, గ్రీన్లాండు మంచునకు ఒక లెక్క, సరస్సులలోని బురదకు ఒక లెక్క. వీనిని ఏకము చేయు గురుతు కావలెను.

భస్మమని పేరేగాని అది కాలిన కట్టెల బూడిద కాదు. కరగిన శిల, అందలి ఆవిరుల ఒత్తిడికి తుంపరలై పైకెగసి, గాలిలో చల్లారగా ఏర్పడిన గాజు తునకలవి. గాలి వానిని వేల కిలోమీటర్లు మోసికొనిపోవును. కొలది దినములలో, లేక కొలది వారములలో, అవి సముద్రముపైనను, మంచుపైనను, సరస్సులపైనను రాలును. వేల ఏండ్ల లెక్కలో ఆ కాలము ఒక్క క్షణముతో సమానము.

ఈ గురుతును సముద్రగర్భమున ఉపయోగించిన తొలి ప్రయత్నములలో ఒకటి 1936లో జరిగినది. సముద్రపు తంతితీగెలను వేయు లార్డ్ కెల్విన్ అను ఓడ నుండి, పిగట్ అను శాస్త్రజ్ఞుడు తాను కల్పించిన యంత్రముతో, న్యూఫౌండ్లండు, ఐర్లాండుల నడుమ సముద్రపు అడుగున గొట్టములను దింపి మట్టికడ్డీలను పైకి తీసెను. ఆ యంత్రము తుపాకిమందు పేలుడు బలముతో గొట్టమును మట్టిలోనికి దించును. ఆ కడ్డీలను పరీక్షించిన బ్రామ్లెట్, బ్రాడ్లీ అను అమెరికా భూగర్భశాస్త్రజ్ఞులు, మంచుకొండలు తెచ్చి రాల్చిన రాళ్ళ పొరలను, వానితోపాటు గాజు తునకలతో నిండిన భస్మపు పొరలను గుర్తించిరి. దూరదూరములనున్న కడ్డీలలో ఒకే భస్మము కనబడుటచేత, ఒకచోటి రాళ్ళ పొర వేరొకచోటి ఏ పొరకు సమకాలికమో వారు నిర్ణయింపగలిగిరి.

భస్మములన్నియు చూపునకు ఒక్కటిగనే యుండును. కాని ప్రతి అగ్నిపర్వతపు గాజులోను సిలికా, ఇనుము, పొటాషియము, టైటానియము మున్నగు వాని పాళ్ళు వేరుగా నుండును. ఒక్కొక్క తునకపై ఎలెక్ట్రాన్ల ధారను ప్రసరింపజేసి, దానినుండి వెలువడు కిరణములనుబట్టి ఆ పాళ్ళను కొలువవచ్చును. కంటికి పొరగా కనబడని భస్మమును సైతము, తగిన సాంద్రత గల ద్రవములలో మట్టి నుండి విడదీసి, సూక్ష్మదర్శినితో లెక్కింతురు.

ఈ పద్ధతి ప్రయోజనమును వెడ్డె భస్మము చక్కగా తెలుపును. ఐస్లాండులోని కట్లా అగ్నిపర్వతము సుమారు 12,100 ఏండ్ల క్రిందట దీనిని వెదజల్లెను. నార్వేలోని వెడ్డె అను చోటిని బట్టి దీనికీ పేరు వచ్చినది. హిమయుగము ముగిసి వేడిమి హెచ్చుచుండగా, సుమారు 12,900 నుండి 11,700 ఏండ్ల క్రిందటి వరకు, ఉత్తర అట్లాంటిక్ ప్రాంతమున చలి హఠాత్తుగా తిరిగివచ్చెను. ఆ చలికాలపు నడుమనే వెడ్డె భస్మము రాలినది. అది నార్వే సరస్సులలోను, అట్లాంటిక్ అడుగునను, గ్రీన్లాండు మంచులోను దొరకినది. మంచుపొరలను ఏటికొక్కటిగా లెక్కింపవచ్చును గనుక దాని కాలము నిశ్చయమైనది.

నార్వే సరస్సులలో ఆ భస్మముతోడి ఆకులకు రేడియో కర్బనపు లెక్కలో సుమారు 10,300 ఏండ్లు వచ్చినవి. ఈ లెక్క ఏండ్లు పంచాంగపు ఏండ్లతో సరిగా సమానములు కావు. అయినను ఒకే లెక్కలో రెండు వస్తువులను పోల్చుటకు అడ్డు లేదు. సముద్రమున ఆ భస్మముతోడి గుల్లలకు మాత్రము అంతకంటె 700, 800 ఏండ్లు హెచ్చుగా వచ్చినవి. భస్మము రాలినది ఒక్కమారే. కావున ఆ తేడా గుల్లల వయస్సులోనిది కాదు, సముద్రజలములోనిది. లోతుననున్న నీటిలో పాత కర్బనము నిలువయుండుటచేత సముద్రజీవులు ఉన్నవానికంటె ముసలివిగా లెక్కకు వచ్చును. నేడు ఉత్తర అట్లాంటిక్‌లో ఆ తేడా సుమారు 400 ఏండ్లు. నాడది ఇంచుమించు ఇనుమడించినది. మంచు పరచుకొని నీటికిని గాలికిని సంబంధము తగ్గుటయు, సముద్ర ప్రవాహము మందగించుటయు ఇందుకు కారణములని 1994లో ఎడువార్ బార్ మున్నగు పరిశోధకులు సూచించిరి. పన్నెండు వందల ఏండ్ల చలికాలములో మూడు నాలుగు వందల ఏండ్ల పొరపాటు చిన్నది కాదు. భస్మము లేనిచో ఆ పొరపాటు ఉన్నదనియే తెలియకపోయెడిది.

అయినను ఈ సాక్ష్యమును జాగ్రత్తగా విచారింపవలెను. సముద్రపు అడుగున తిరుగు పురుగులు మట్టిని కలియబెట్టి భస్మమును పైకిని క్రిందికిని చెదరగొట్టును. మంచుపై రాలిన భస్మమును మంచుకొండలు మోసికొనిపోయి ఆలస్యముగా విడువవచ్చును. అందుచేత శాస్త్రజ్ఞులు తునకలు దొరకిన ప్రతి పొరను నమ్మక, అవి మిక్కిలి దట్టముగా నున్న మట్టమును వెదకి, గాలిలో వచ్చినదో మంచుపై వచ్చినదో పరీక్షింతురు.

హిందూ మహాసముద్రమునకును ఇట్టి గురుతు కలదు. సుమత్రా ద్వీపమున టోబా అను అగ్నిపర్వతము సుమారు 74,000 ఏండ్ల క్రిందట బ్రద్దలైనది. అది కూలిన గోతిలో నేడు 100 కిలోమీటర్ల పొడవు, 30 కిలోమీటర్ల వెడల్పు గల సరస్సున్నది. దాని భస్మము బంగాళాఖాతమునను, అరేబియా సముద్రమునను, భారత భూభాగమునను పడెను. ఆంధ్రదేశమున పూర్వపు కర్నూలు జిల్లాలో, జుర్రేరు లోయయందు, జ్వాలాపురము వద్ద ఈ తెల్లని బూడిద రెండు మీటర్లకు మించిన మందమున నున్నది. ఆకాశమునుండి అంత మందముగా రాలలేదు. చుట్టుప్రక్కల పడినదానిని వాననీరు కొట్టుకొనివచ్చి పల్లమున పేర్చినది. ధారవాడలోని కర్ణాటక విశ్వవిద్యాలయమునకు చెందిన రవి కొరిశెట్టర్, మైకేల్ పెట్రాగ్లియా మున్నగువారు అచట భస్మమునకు క్రిందను, పైనను రాతి పనిముట్లను కనుగొని 2007లో ప్రకటించిరి. మహారాష్ట్రమున కుకడి నదీతీరపు బోరి వద్ద దొరకిన భస్మము మాత్రము వివాదాస్పదమైనది. టోబా అంతకు పూర్వమును బ్రద్దలైనది గనుక, ఒకే పర్వతపు వేర్వేరు భస్మములను విడదీయుట సుళువు కాదు.

టోబా బ్రద్దలైన కాలము హిమయుగపు తీవ్రమైన చలి ఆరంభమగుచున్న కాలము. అందుచేత ఆ విస్ఫోటనమే హిమయుగమును త్వరపరచినదని 1992లో కొందరు వాదించిరి. ఈ వాదమును పరీక్షించుటకును భస్మమే ఆధారము. సముద్రపు కడ్డీలలో గుల్లల ఆమ్లజని, టోబా భస్మమునకు క్రిందనే, అనగా అది పడకముందే, బరువెక్కనారంభించినది. ఆఫ్రికాలోని మలావి సరస్సున 2013లో ఆ భస్మమునే కనుగొనిరి; దానికి వెనువెంటనే తీవ్రమైన చలి కలిగిన జాడ ఆ బురదలో కానరాలేదు. విస్ఫోటనము కొన్ని ఏండ్లు బాధించి యుండవచ్చును గాని, మంచు పెరుగుట దానికంటె ముందే మొదలైనది.

భస్మము చలిని కొలువదు, వేడిమిని కొలువదు. ఆ పని గుల్లలదియు, మంచుదియు. భస్మము చెప్పునది ఒక్కటే: ఈ పొరయు, దూరముననున్న ఆ పొరయు ఒకేనాటివి. ఏది ముందో, ఏది వెనుకనో తెలిసినపిమ్మటనే ఏది కారణమను విచారణకు అర్హత కలుగును.