దగ్గరి పంట, దూరపు పంట: పర్యావరణంపై అపోహలు – వాస్తవాలు

అపోహ: దగ్గరలో పండిన ఆహారం వల్ల పర్యావరణానికి ఎప్పుడూ హాని తక్కువ.

వాస్తవం: పొలం నుంచి పళ్ళెం దాకా ఆహారం సాగించే ప్రయాణాన్ని కొలిచే ‘ఆహార మైళ్ళు’ అనే కొలమానం 1990వ దశకంలో బ్రిటన్‌లో ప్రచారంలోకి వచ్చింది. అది దూరాన్ని లెక్కిస్తుందే గాని, పంట పండిన తీరును లెక్కించదు. 2008లో వెబర్, మాథ్యూస్ అనే పరిశోధకులు అమెరికా కుటుంబాల ఆహారాన్ని పరిశీలించగా, దాని మూలంగా వెలువడే హరితగృహ వాయువుల్లో, అంటే భూమి వేడిని బయటకు పోనీయక పట్టి ఉంచే వాయువుల్లో, సుమారు 83 శాతం ఉత్పత్తి దశలోనే పుడుతున్నాయనీ, రవాణా వాటా మొత్తం 11 శాతమేననీ తేలింది. అందుకే బ్రిటన్‌లో ఇంధనంతో వేడిచేసిన గాజు గృహంలో కాసిన టమాటా కంటే, స్పెయిన్ ఎండలో కాసి లారీలో వచ్చిన టమాటాయే వాతావరణానికి తక్కువ భారమని అధ్యయనాలు చూపాయి. విమానంలో వచ్చే సరుకుకు మాత్రం ఈ వాదన వర్తించదు. ఓడతో పోలిస్తే విమాన రవాణా ఉద్గారాలు పదుల రెట్లు ఎక్కువ.

అపోహ: భారీ సేద్యం తక్కువ నేలలో ఎక్కువ పండించి అడవులను కాపాడుతుంది.

వాస్తవం: ఇందులో సగమే నిజం. దిగుబడులు పెరగకపోయి ఉంటే తిండి గింజల కోసం మరెంతో నేలను దున్నవలసి వచ్చేదన్న హరిత విప్లవ శాస్త్రవేత్త నార్మన్ బోర్లాగ్ వాదన కొట్టివేయదగినది కాదు. అయితే దిగుబడితో పాటు లాభమూ పెరిగినచోట, చట్టం అడ్డుపడకపోతే, సాగు మరింత విస్తరిస్తుంది. బ్రెజిల్‌లోని సెరాడో పచ్చిక మైదానాలను సోయా ఆక్రమించింది ఇలాగే. పైగా అమెరికా మొక్కజొన్న పొలాల్లో వేసిన ఎరువుల నత్రజని మిసిసిపీ నది గుండా మెక్సికో సింధుశాఖకు చేరి నాచును విపరీతంగా పెంచుతుంది, ఆ నాచు కుళ్ళేటప్పుడు నీటిలోని ప్రాణవాయువు హరించుకుపోతుంది, ఏటా వేసవిలో అక్కడ జలచరాలు బతకలేని మృతమండలం ఏర్పడుతుంది.

అపోహ: చిన్న కమతంలో పండిన మన ఊరి బియ్యానికి ఈ లెక్కలు వర్తించవు.

వాస్తవం: 2015–16 వ్యవసాయ గణన ప్రకారం భారతదేశంలో సగటు కమతం 1.08 హెక్టార్లే, అయినా తెలుగు రాష్ట్రాలు హెక్టారుకు ఎరువుల వాడకంలో దేశంలో ముందు వరుసలో ఉన్నాయి. నీరు నిలిచిన వరిమడిలో, గాలి సోకని మట్టిలోని సూక్ష్మజీవులు మీథేన్‌ను విడుదల చేస్తాయి. నూరేళ్ళ కాలానికి చూస్తే ఈ వాయువు బరువుకు బరువు కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 28 రెట్లు ఎక్కువ వేడిని పట్టి ఉంచుతుంది. మడిని మధ్యమధ్య ఆరనిచ్చి మళ్ళీ తడిపే ఆరుతడి పద్ధతిలో నైట్రస్ ఆక్సైడ్ అనే మరో హరితగృహ వాయువు కొంత పెరగవచ్చు గాని, మీథేన్ సగం వరకు తగ్గగలదు, నీరూ మిగులుతుంది. కాలువ నీరు ఎప్పుడు వస్తుందో తెలియని రైతు మడిని ఆరబెట్టే సాహసం చేయలేడు కాబట్టి తప్పు అతనిపై మోపరాదు. వంతుల ప్రకారం నమ్మకంగా నీరివ్వడం, వరికి దొరికే కొనుగోలు భరోసాను, నిలువ నీరు అక్కర్లేని జొన్నకూ కందికీ కల్పించడం ప్రభుత్వాలు వెంటనే చేపట్టవలసిన పనులు.