మీకు తెలుసా? గ్రీన్ ట్రిబ్యునల్ పుట్టుకలో మన శంషాబాద్ ఆముదం

పర్యావరణ తగాదాలు తీర్చే నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్ వెనక శంషాబాద్ మండలంలోని పెద్దషాపూర్ కథ ఒకటుంది. 1990లలో సురానా ఆయిల్స్ అనే కంపెనీ అక్కడ ఆముదం నుంచి రసాయనాలు తీసే ఫ్యాక్టరీ తలపెట్టింది. ఆముదమే కదా, ఏం కొంప మునుగుతుంది అనుకుంటాం. కానీ ఆముదాన్ని గట్టిపరిచే పనిలో నికెల్ వాడతారు, పనైపోయాక అది వ్యర్థంగా మిగిలిపోతుంది. పైగా ఆ స్థలం హిమాయత్‌సాగర్‌కు 10 కిలోమీటర్ల లోపే. 1908 మూసీ వరదల తర్వాత కట్టిన ఈ జలాశయం జంటనగరాల దాహం తీర్చింది. దాని చుట్టూ, మరో జలాశయం ఉస్మాన్‌సాగర్ చుట్టూ ఉన్న 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలు వద్దన్నదే 1996 మార్చి 8 నాటి జీవో 111.

కాలుష్య నియంత్రణ మండలి అనుమతి నిరాకరించింది. కంపెనీ అప్పీలుకు వెళ్లి గెలిచింది. విచిత్రమేమిటంటే, జీవో ఇచ్చిన ప్రభుత్వమే 1997లో ఈ ఫ్యాక్టరీకి మినహాయింపు కూడా ఇచ్చింది! చివరికి తగువు సుప్రీంకోర్టుకెక్కింది. 1999 జనవరి 27న తీర్పు రాసింది తెలుగువారైన జస్టిస్ ఎం. జగన్నాథరావు. నీళ్లు పాడవుతాయని జనం నిరూపించనక్కర్లేదు, పాడవవని నిరూపించాల్సింది ఫ్యాక్టరీ పెట్టేవారే అన్నది అందులోని కీలకం. హాని జరగకముందే ఆపాలనే ఈ ముందుజాగ్రత్త సూత్రం గురించి మన కోర్టుల్లో ఇప్పటికీ ఉటంకించే తీర్పుల్లో ఇదొకటి. 2000 డిసెంబరు 1 నాటి రెండో తీర్పులో ఆ మినహాయింపూ చెల్లదన్నారు.

అసలు విశేషం ఇంకొకటుంది. రసాయనాల లెక్కలు తేల్చడానికి న్యాయ పరిజ్ఞానం ఒక్కటే చాలదని, తీర్పు చెప్పేచోట శాస్త్రవేత్తలూ కూర్చోవాలని 1999 తీర్పు గట్టిగా చెప్పింది. తర్వాత ఇదే జగన్నాథరావు లా కమిషన్ చైర్మన్ అయ్యారు. 2003లో 186వ నివేదికలో పర్యావరణ కోర్టులు పెట్టమని సిఫార్సు చేశారు. ఆ బాటలోనే 2010లో నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్ ఏర్పడింది. అందులో జడ్జీలతో పాటు నిపుణులూ సభ్యులే.

జీవో 111 మాత్రం అంత గట్టిగా నిలవలేదు. 2022 ఏప్రిల్‌లో జీవో 69తో దాని ఆంక్షలు ఎత్తేశారు. ఇక ట్రిబ్యునల్ దక్షిణాది బెంచ్ ఉన్నది చెన్నైలో. పెద్దషాపూర్ వాళ్లకు ఇప్పుడు కాలుష్యం మీద కేసు వేయాలనిపిస్తే, చెన్నై వెళ్లడానికి పక్కనే ఎయిర్‌పోర్టు ఉండటం కాస్త కలిసొచ్చే సంగతి.