నర్సు చేతిలో యాప్: కూడేది ఫోన్, కనిపెట్టేది మనిషే!

కొత్త ఫోన్ వస్తే మనం ముందు చూసేది ప్రాసెసర్, బ్యాటరీ, కెమెరా. బ్రిటన్ ఆస్పత్రుల్లో నర్సు చేతిలో ఉండే ఫోన్‌కి మాత్రం పరీక్ష వేరు. పేషెంట్ పరిస్థితి దిగజారుతోందని అది ముందే పట్టిస్తుందా, లేదా?

అక్కడ ఇందుకు వాడే స్కోర్ పేరు న్యూస్2. రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో దీన్ని తెచ్చి, 2017లో అప్‌డేట్ చేసింది. శ్వాస, ఆక్సిజన్, బీపీ, పల్స్, టెంపరేచర్, స్పృహ.. ఈ ఆరింటికీ 0 నుంచి 3 దాకా పాయింట్లు ఉంటాయి. పేషెంట్‌కి ఆక్సిజన్ పెట్టి ఉంటే ఇంకో 2 కలుస్తాయి. ఒకప్పుడు కాగితం చార్టు మీద నర్సే కూడుకోవాలి. ఇప్పుడు చాలా వార్డుల్లో ఫోన్‌లోనో ట్యాబ్‌లోనో రీడింగ్స్ కొడితే చాలు, కూడిక సంగతి యాప్ చూసుకుంటుంది.

ఓ లెక్క చూద్దాం

- శ్వాస నిమిషానికి 22: 2 పాయింట్లు
- ఆక్సిజన్ 95 శాతం: 1
- పై బీపీ 108: 1
- పల్స్ 96: 1
- టెంపరేచర్ 38.2 డిగ్రీల సెల్సియస్: 1
- పూర్తి స్పృహ: 0

విడివిడిగా చూస్తే ఏదీ భయపెట్టే అంకె కాదు. కానీ మొత్తం 6! స్కోర్ 5 దాటకపోయినా, 5 వచ్చిందంటేనే డాక్టర్‌ని అర్జెంట్‌గా పిలవాలి, కనీసం గంటకోసారి చూడాలి. 7 వస్తే ఎమర్జెన్సీయే. ఒంట్లో మార్పుల్ని అంచనాతో కాకుండా ఆధారాలతో పట్టుకోవడమంటే ఇదే.

అసలు చిక్కు ఎక్కడంటే..

పల్స్, బీపీ, ఆక్సిజన్ మెషీనే చూపిస్తుంది. శ్వాసని మాత్రం మామూలు వార్డులో ఎక్కువగా నర్సే లెక్కపెట్టాలి. ఒక నిమిషం పాటు ఛాతీ కదలిక చూస్తూ నిలబడాలి. పని ఒత్తిడిలో ఆ నిమిషం దొరక్క అందాజాగా 18 అని కొట్టేస్తే? మన లెక్కలో 6 కాస్తా 4 అయిపోతుంది. గంటకోసారి చూడాల్సిన పేషెంట్‌ని నాలుగు నుంచి ఆరు గంటలకోసారి చూస్తే సరిపోతుందని యాప్ చెప్తుంది. కూడికలో తప్పేం లేదు, ఇచ్చిన అంకే తప్పు.

అందుకే ఇలాంటి యాప్‌కి మంచి రేటింగ్ ఇవ్వాలంటే డిజైన్ ఒక్కటే చూస్తే కుదరదు. శ్వాస లెక్కకి 60 సెకన్ల టైమర్ ఉందా? గ్లౌజులతో టచ్ పనిచేస్తుందా? వైఫై పోయినా రీడింగ్ సేవ్ అవుతుందా? స్కోర్ తక్కువొచ్చినా "ఈ పేషెంట్ నాకు తేడాగా అనిపిస్తున్నాడు" అని నర్సు డాక్టర్‌కి చెప్పే బటన్ ఉందా?

ఒక్క మాట: స్మార్ట్‌వాచ్ రీడింగ్స్‌తో ఇంట్లో ఈ స్కోర్ వేసుకుని ధైర్యపడొద్దు. 16 ఏళ్లలోపు పిల్లలకి, గర్భిణులకి ఇది అసలు వర్తించదు. మిగతావాళ్లకైనా మంచం పక్కన ఆ నిమిషం నిలబడే మనిషి ఉంటేనే యాప్ చెప్పేదానికి విలువ.