టాటాగారి చేతిలో చిన్న భవనం

మల్లేశ్వరం, యశ్వంతపురం వైపు కాపురముండే మన వాళ్లకి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ అని పూర్తి పేరు చెబితే ఒక క్షణం ఆలోచిస్తారు. "టాటా ఇన్‌స్టిట్యూట్" అంటే చాలు, బస్సు కండక్టరు దగ్గర్నుంచి అందరికీ తెలుసు. ఏటా ఓపెన్ డే నాడు అందరికీ ప్రవేశం ఉంటుంది. అలాంటి ఓ ఓపెన్ డేకి మా నాన్నగారిని తీసుకెళ్లాను.

నాన్నగారిది బెజవాడ. 1961లో ఆయనకి ఇక్కడ ఇంజనీరింగులో సీటు వచ్చింది. అప్పుడు డైరెక్టరు మన సూరి భగవంతంగారే. తాతగారు పోవడం, ఇద్దరు మేనత్తల పెళ్లిళ్లు నెత్తిన ఉండడంతో నాన్నగారు బడిపంతులుగా చేరిపోయారు. ఆ మాట మాకు అమ్మ చెప్పిందే గాని ఆయన నోట ఎన్నడూ వినలేదు.

రాతి భవనం ముందు జంషెడ్జీ టాటా విగ్రహం దగ్గర జనం తిరునాళ్లలా ఉన్నారు. పట్టా పుచ్చుకున్న పిల్లలు ఫోటోలు దిగేదీ, మార్చి 3న ఆయన పుట్టినరోజుకి పూలు పెట్టేదీ అక్కడే. మా అబ్బాయి ప్రయోగాలు చూడాలని పరుగెత్తాడు. నాన్నగారు కదల్లేదు.

"చేతిలో అదేమిటే అమ్మాయ్?"

"ఈ భవనమే నాన్నగారూ, చిన్న నమూనా."

గిల్బర్ట్ బేస్ అనే ఇంగ్లీషు శిల్పి చెక్కిన విగ్రహమది. టాటాగారు 1898 నుంచీ ఈ సంస్థ కోసం తిరిగారు. కర్జన్ ప్రభువుకి నమ్మకం కుదరలేదు. 1904లో టాటాగారు జర్మనీలో కన్నుమూశారు. మైసూరు మహారాజు 371 ఎకరాలిచ్చింది 1907లో, సంస్థ ఏర్పడింది 1909లో. అంటే చేతిలో పట్టుకున్న ఆ భవనాన్ని ఆయన కళ్లారా చూడనే లేదన్నమాట! ఇదంతా నాన్నగారికి చెప్పాను. (బడిపంతులికి నేను పాఠం చెప్పడం అదే మొదలు.)

"చూడలేదూ?" అన్నారు. మెట్టు మీద కూర్చుని చాలాసేపు పైకి చూస్తూ ఉండిపోయారు. తర్వాత, "నాకూ ఒక ఫోటో తియ్యి" అన్నారు. ఫోటోలంటే మొహం తిప్పుకునే మనిషి!

ఆ ఫోటో మా హాల్లో ఉంది. ఆయన చొక్కా జేబులోంచి పసుపుబారిన కాగితం అంచు కనబడుతోంది. ఇంటికి వచ్చాక అడిగితే తీసి చూపించారు. 1961 నాటి సీటు ఉత్తరం.