రెండు జీటీఐలు

చిన్న హ్యాచ్‌బ్యాక్ కారులో జోరైన ఇంజిన్ పెడితే అదే హాట్ హ్యాచ్‌బ్యాక్. 1976లో పశ్చిమ జర్మనీలో అమ్మకానికొచ్చిన ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ వీటిలో పేరుమోసింది. ముందు గ్రిల్ చుట్టూ ఎర్ర గీత, లోపల గళ్ళ సీట్లు, గోల్ఫ్ బంతిలాంటి గేర్ పిడి దాని గుర్తులు. ఎర్ర గీత ఇప్పటికీ ఉంది!

పాతదాని శక్తి 110 హార్స్‌పవర్. 2025లో మన దేశానికొచ్చిన జీటీఐది 265. అయితే రెండింతల చురుకుదనం వచ్చినట్టేనా? బరువు కూడా చూడాలి. పాతది సుమారు 810 కిలోలు, కొత్తది దాదాపు 1,450. మేం భాగించి చూశాం. పాతదానిలో ఒక్కో హార్స్‌పవర్ లాగేది ఏడు కిలోలకు పైనే, కొత్తదానిలో అయిదున్నర. తేడా ఉంది గానీ మేమనుకున్నంత లేదు.

ఆ బరువు ఊరికే పెరగలేదు. కారు పెద్దదైంది. గుద్దుకుంటే ముందు భాగం నలిగి లోపలివాళ్ళను కాపాడే గట్టి బాడీ, ఎయిర్‌బ్యాగులు చేరాయి. పాతదానిలో ఎయిర్‌బ్యాగులు లేవు, ఏబీఎస్ లేదు, పవర్ స్టీరింగూ లేదు. స్టీరింగ్ తిప్పడానికి బలం కావాలి. అందుకే రోడ్డు తీరు చేతికే తెలుస్తుందని అభిమానులు మురిసిపోతారు. ఆ ముచ్చట మాకూ నచ్చింది. కానీ నాన్నకు బదిలీ అయి ఇంటిల్లిపాదీ రాత్రంతా ప్రయాణం చేయాల్సివస్తే మేం ఎక్కేది కొత్తదే. వచ్చినప్పుడు దాని షోరూం ధర 53 లక్షల రూపాయలు, అది వేరే సంగతి!