నమూనా ఆవిరి ఇంజన్లలో డిజిటల్ ధ్వని డీకోడర్

డిజిటల్ ధ్వని డీకోడర్ అనేది నమూనా రైలింజను లోపల అమర్చే ఒక చిన్న ఎలక్ట్రానిక్ పలక. ఇది పట్టాల ద్వారా అందే ఆదేశాలను గ్రహించి ఇంజను మోటారును, దీపాలను నియంత్రిస్తుంది. దానితో పాటు అసలు ఇంజను నుండి రికార్డు చేసిన శబ్దాలను స్పీకరు ద్వారా వినిపిస్తుంది. వాడుకలో లేని ఆవిరి ఇంజను రూపాన్నే కాక దాని ధ్వనిని కూడా నిలుపుకోవడానికి ఇది ఉపయోగపడుతుంది.

నేపథ్యం

బెల్లంకొండ ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రంలోని పల్నాడు జిల్లాకు చెందిన మండల కేంద్రం. 2022లో పల్నాడు జిల్లా ఏర్పడక ముందు ఇది గుంటూరు జిల్లాలో ఉండేది. గుంటూరు నుండి సత్తెనపల్లి, పిడుగురాళ్ళ మీదుగా నడికుడి వెళ్ళే రైలు మార్గంలో బెల్లంకొండ పేరుతో స్టేషను ఉంది. నడికుడి నుండి ఒక శాఖ గురజాల మీదుగా మాచర్లకు పోతుంది. గుంటూరు - మాచర్ల మార్గం మొదట మీటర్ గేజిగా ఉండేది. 1990 దశకంలో దానిని బ్రాడ్ గేజిగా మార్చారు.

స్వాతంత్ర్యం తరువాత భారతీయ రైల్వేల మీటర్ గేజి మార్గాల కొరకు ప్రామాణిక ఆవిరి ఇంజన్లు వచ్చాయి. వాటిలో వైపి తరగతి ప్రయాణికుల బండ్లకు, వైజి తరగతి గూడ్సు బండ్లకు ఉద్దేశించినవి. 1990 దశకం ముగిసే నాటికి దేశంలోని సాధారణ మార్గాలపై ఆవిరి ఇంజన్ల వాడుక ముగిసింది. హర్యానాలోని రేవాడి ఆవిరి ఇంజన్ల షెడ్డులో ఈ రెండు తరగతుల ఇంజన్లను భద్రపరచారు.

పనిచేసే విధానం

పాత పద్ధతిలో పట్టాలకు ఇచ్చే వోల్టేజిని పెంచి, తగ్గించి నమూనా ఇంజను వేగాన్ని మార్చేవారు. ఇంజను ఆగితే విద్యుత్తు కూడా ఆగేది. అందువలన స్టేషనులో నిలిచి ఉన్న ఇంజను నుండి శబ్దం రప్పించడం కష్టం. డిజిటల్ కమాండ్ కంట్రోల్ విధానంలో పట్టాలపై పూర్తి వోల్టేజి ఎల్లప్పుడూ ఉంటుంది. అమెరికాలోని నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్, జర్మనీకి చెందిన లెంజ్ సంస్థ పద్ధతి ఆధారంగా 1990 దశకంలో దీనిని ప్రమాణంగా స్వీకరించింది.

ఈ విధానంలో పట్టాలపై వోల్టేజి దిశ వేగంగా మారుతూ ఉంటుంది. ప్రతి అర్ధభాగం 58 మైక్రోసెకన్లు ఉంటే అది ఒకటి అనే అంకెను, 100 మైక్రోసెకన్లు గానీ అంతకు మించి గానీ ఉంటే సున్నాను సూచిస్తుంది. ఈ అంకెల వరుసలో ఇంజను చిరునామా, ఆదేశం, తప్పులను పట్టే సంఖ్య ఉంటాయి. ప్రతి డీకోడర్ తన చిరునామాకు వచ్చిన ఆదేశాలను మాత్రమే పాటిస్తుంది. కనుక ఒకే పట్టాలపై ఒక ఇంజను కూత వేస్తుండగా మరొకటి నిశ్శబ్దంగా నిలిచి ఉండగలదు.

చక్రానికీ ధ్వనికీ సంబంధం

రెండు సిలిండర్ల ఆవిరి ఇంజనులో చక్రం ఒకసారి తిరిగేలోగా వాడిన ఆవిరి నాలుగు సార్లు పొగగొట్టం ద్వారా బయటకు వస్తుంది. మనకు వినిపించే "చుక్ చుక్" శబ్దం ఇదే. వైజి ఇంజను నడిపే చక్రం వ్యాసం సుమారు 1.22 మీటర్లు, వైపి చక్రం వ్యాసం సుమారు 1.37 మీటర్లు. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వైజి సెకనుకు దాదాపు 8.7 సార్లు, వైపి దాదాపు 7.7 సార్లు ఊదుతాయి. అలవాటైన చెవి ఈ తేడాను పట్టగలదు.

1:87 నిష్పత్తి గల హెచ్‌ఓ స్కేలులో మీటర్ గేజి పట్టాల మధ్య దూరం 12 మిల్లీమీటర్లు. ఆ స్కేలులో వైజి చక్రం వ్యాసం 14 మిల్లీమీటర్లు ఉంటుంది. అంటే నమూనా ఇంజను ప్రతి 11 మిల్లీమీటర్ల ప్రయాణానికి ఒక ఊదు వినిపించాలి. ఇందుకు డీకోడర్ మోటారు వేగాన్ని కొలిచి లెక్కకడుతుంది, లేదా చక్రం ఇరుసుకు అమర్చిన స్పర్శ స్విచ్చు నుండి సంకేతం తీసుకుంటుంది.

అమర్చే పద్ధతి

ముందుగా ఇంజను సాధారణ విద్యుత్తుపై సాఫీగా నడుస్తున్నదో లేదో చూడాలి. తరువాత మోటారు రెండు కొనలనూ ఇంజను చట్రం నుండి పూర్తిగా వేరుచేయాలి. పాత నమూనాలలో ఒక కొన చట్రానికి తగిలి ఉంటుంది. దానిని అలాగే వదిలితే డీకోడర్ కాలిపోతుంది. ప్రమాణం ప్రకారం ఎర్ర తీగ కుడి పట్టా నుండి, నల్ల తీగ ఎడమ పట్టా నుండి వస్తాయి. నారింజ, బూడిద రంగు తీగలు మోటారుకు వెళతాయి.

వైపి, వైజి వంటి టెండరు గల ఇంజన్లలో డీకోడరును, స్పీకరును టెండరులో ఉంచడం అనువైనది. స్పీకరు వెనుక వైపు గాలి చొరబడని చిన్న పెట్టె ఉండాలి. లేనియెడల ముందు వెనుక తరంగాలు ఒకదానినొకటి రద్దు చేసుకుని శబ్దం బలహీనపడుతుంది. మురికి పట్టాలపై విద్యుత్తు క్షణకాలం తెగినా శబ్దం ఆగకుండా ఒక కెపాసిటరును కూడా కలుపుతారు. చివరగా ఇంజను చిరునామా, వేగం పెరిగే తీరు, శబ్దాల స్థాయి వంటి విలువలను డీకోడరులో నమోదు చేస్తారు.

ధ్వనుల సేకరణ

కూతను ఆరంభం, మధ్యభాగం, ముగింపు అని మూడు ముక్కలుగా నిల్వచేస్తారు. మీట నొక్కినంతసేపు మధ్యభాగం తిరిగి తిరిగి వినిపిస్తుంది. బరువు లాగేటప్పటి ఊదును, వాలుపై తేలికగా దిగేటప్పటి ఊదును వేరువేరుగా రికార్డు చేయాలి. బొగ్గు వేయడం, సేఫ్టీ వాల్వు తెరుచుకోవడం, బాయిలరులోకి నీరు ఎక్కడం వంటి శబ్దాలు నిలిచి ఉన్న ఇంజనుకు జీవం పోస్తాయి.

మార్కెట్టులో దొరికే శబ్దాలలో అధికభాగం జర్మనీ, బ్రిటన్, అమెరికా ఇంజన్లవి. అమెరికా కూతను వైజి నమూనాలో పెడితే చూపుకు మాత్రమే అది వైజి. బెల్లంకొండ స్టేషనును నమూనాగా కట్టేవారు పట్టాలను, కట్టడాన్ని ఛాయాచిత్రాల సాయంతో తయారు చేసుకోగలరు. ధ్వనికి మాత్రం ఆ తరగతికి చెందిన ఇంజను ఒకటి ఆవిరితో పనిచేస్తూ ఉండాలి, లేదా పూర్వం చేసిన మంచి రికార్డింగు లభించాలి. ఇంజను చల్లారిన తరువాత చక్రాలను కొలవవచ్చు గానీ కూతను రికార్డు చేయడం సాధ్యం కాదు.

పరిమితులు

చిన్న స్పీకర్లు లోతైన శబ్దాలను పలికించలేవు. అసలు ఇంజను వెళుతున్నప్పుడు నేల అదరడం నమూనాలో అనుభవానికి రాదు. అయినప్పటికీ కూత స్వరం, ఊదుల లయ సరిగా కుదిరితే ఏ తరగతి ఇంజనో చూడకుండానే గుర్తించవచ్చు.